వదిన కత్తి, మరదలి కత్తి

పిట్టకి ఆ పేరు పెట్టింది ఆమె ఆడపడుచే. పెళ్ళై ఇంట్లో అడుగుపెట్టిన రోజున తమ్ముడి పెళ్ళాన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "పిట్టంత ఉందిరా, ఫ్యాన్ కాస్త మెల్లగా పెట్టు" అంది. అంతే, ఇంటిల్లిపాదికీ ఆమె పిట్ట అయిపోయింది. అసలు పేరు కాగితాల మీద సంతకానికి మాత్రం మిగిలింది.

ఆడపడుచు గుమ్మం దాటాలంటే తల వంచుకోవలసినంత పొడగరి. అచ్చాఫీసులో పుస్తకాల అంచులు కోసే యంత్రం మీద పని. ఆ మోతని మించి మాట్లాడీ మాట్లాడీ గొంతు అలాగే ఉండిపోయింది. ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగినా పోట్లాటకి పిలిచినట్టే ఉంటుంది. పిట్ట పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుంటుంది. బుగ్గ వాచి వచ్చినవాళ్ళు, పన్ను సలపరంతో మండిపడుతున్నవాళ్ళు ముందుగా విరుచుకుపడేది ఆమె మీదే. "కాస్త ఓపిక పట్టండి" అనడం ఆమె ఉద్యోగం.

కిటికీ తెరల రంగు దగ్గర్నుంచి పిల్లల చదువుల దాకా ఈ ఇద్దరూ ఏళ్ళ తరబడి కత్తులు నూరుకున్నవాళ్ళే. అలాంటివాళ్ళు ఆదివారం పొద్దున్నే ఒకే బస్సెక్కి, బ్యాడ్మింటన్ ఆడే హాల్లో మధ్యయుగాల నాటి కత్తిసాము నేర్చుకోవడానికి వెళ్తున్నారంటే చుట్టాలెవరూ నమ్మలేదు. సంగతేమిటంటే, వదినగారి కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఆడించమని డాక్టరు చెప్పాడు. హాలు గోడ మీద కాగితం చూసి ఆవిడ చేరింది. ఒక్కత్తే వెళ్ళడానికి మొహమాటమేసి, "నువ్వూ రావే పిట్టా" అంది. వదిన రమ్మంటే రానని చెప్పడం పిట్టకి ఎప్పుడూ చేతకాలేదు.

తీరా వెళ్ళాక పిచ్చి పట్టింది పిట్టకే. వారమంతా తల దించుకుని ఫోన్లకి జవాబు చెప్పే మనిషి, అక్కడ చెక్క కత్తి పట్టుకుని ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడాలి. అడుగు ముందుకెయ్యాలి. ఎవరూ ఏమీ అనరు. పైగా మెచ్చుకుంటారు. కొన్నాళ్ళకి ఆమె గ్రంథాలయంలో పాత కత్తుల బొమ్మలున్న పుస్తకాలు తిరగెయ్యడం మొదలుపెట్టింది.

నేర్పే మాస్టారు వృత్తికి సర్వేయరు. పొలాలూ స్థలాలూ కొలుస్తాడు. ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి, "చెక్కతో ఇక చాలు. ఉక్కు కత్తి పట్టండి. నకలు కత్తే, పదునుండదు, మొన గుండ్రంగా ఉంటుంది. ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. ఫొటో చూసి మాత్రం కొనకండి" అన్నాడు.

మర్నాడే వదినగారు ఫోనులో ఫొటో పట్టుకొచ్చింది.

"చూడవే, ఎంత బావుందో. పిడి చివర సింహం తల. మధ్యలో ఎర్ర రాయి."

"మాస్టారు ఫొటో చూసి కొనొద్దన్నారు వదినా."

"ఆయన అలాగే అంటాడు. జత కొంటే తగ్గిస్తారట. నువ్వు ఆర్డరు పెట్టెయ్యి, నాకు ఆ నొక్కుళ్ళు చేతకావు."

పిట్ట నొక్కింది. నొక్కుతున్నప్పుడే ఆమెకి మనసులో పీకుతూనే ఉంది. కత్తి బరువెంతో రాయలేదు. ఉక్కు ఏ రకమో రాయలేదు. రాసిందల్లా 'రాచఠీవి' అన్న మాటే.

ఆమె భర్త పక్క కుర్చీలోంచి తొంగి చూశాడు. "ఇన్నాళ్ళూ కత్తులు నూరుకున్నారు సరే. ఇప్పుడు కొనుక్కుంటున్నారా? నేను ఏ గదిలో పడుకోవాలో ముందే చెప్పండి" అన్నాడు. అక్కగారు ఒక్క చూపు చూసేసరికి మళ్ళీ పేపర్లో తల దూర్చాడు.

పెట్టె వచ్చింది. కత్తులు తళతళ మెరిసిపోతున్నాయి. పిట్ట ఒకటి చేతిలోకి తీసుకుని కాస్త ఊపింది. పిడిలో ఏదో గలగలమంది. ఇంకోటి ఊపింది. అదీ అంతే. ఆదివారం మాస్టారు రెండింటినీ పట్టుకుని, పిడి మీద అరచేత్తో తట్టి చూశాడు. తరవాత పిట్ట మొహంలోకి చూశాడు తప్ప వదినగారి వైపు చూడలేదు.

"కత్తి ఉక్కు పిడి లోపలికి వెడల్పుగా చివరిదాకా వెళ్ళాలమ్మా. దాన్ని తోక అంటాం. వీటికున్నది ఎలకతోక. సన్నటి చువ్వ అతికించారు. గట్టిగా ఒక్క దెబ్బ తగిలితే పైముక్క ఎగిరి ఎవరి కంట్లోనో పడుతుంది. గోడకి తగిలించుకోండి."

"నేను చెప్తూనే ఉన్నాను, ఫొటో చూసి కొనకూడదని" అంది వదిన, బస్సెక్కాక.

 పిట్ట కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చెంపలు మాత్రం వేడెక్కిపోయాయి.

కత్తులు తిప్పి పంపే పని కూడా ఆమె మీదే పడింది. భోజనానికి వదిలినప్పుడల్లా కంపెనీకి ఫోన్ చేసేది. "మీ ఫోను మాకెంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి" అని ఒక గొంతు, తరవాత సన్నాయి లాంటి ఏదో వాయిద్యం. చివరికొక అమ్మాయి పలికి, "పెట్టె విప్పారా మేడమ్?" అంది.

"విప్పకుండా ఎలా చూస్తానమ్మా?"

"విప్పితే వెనక్కి తీసుకోం మేడమ్. కాస్త ఓపిక పడితే పైవాళ్ళని అడిగి చెప్తాను."

ఆ ఓపిక అన్న మాట వినగానే పిట్టకి ఒళ్ళు మండిపోయింది. తిట్టు నోటిదాకా వచ్చింది కాని, అటు పక్కనున్నది కూడా తనలాంటి పిల్లే కదా అని దిగమింగుకుంది. పైవాళ్ళు ఏనాడూ ఏమీ చెప్పలేదు. సింహాలు రెండూ బీరువా మీదికి ఎక్కాయి.

తరవాత నాటకాలకి దుస్తులూ కిరీటాలూ అద్దెకిచ్చే దుకాణంలో కత్తులున్నాయని ఎవరో చెప్తే పిట్ట ఒక్కత్తే వెళ్ళింది. దుకాణదారు ముక్కు మీదికి కళ్ళజోడు జార్చి, "బాబు కోసమా అమ్మా? బడిలో నాటకమా?" అన్నాడు.

"నాకే."

"మీకా," అని కాసేపు ఆలోచించి, తేలికపాటి రేకు కత్తి ఒకటి తీసిచ్చాడు. అట్టముక్కలా ఉంది. బరువున్నది కావాలంటే లోపలికి వెళ్ళి, రెండు చేతులా మోసుకుంటూ గడ్డపార లాంటిది తెచ్చాడు. "ఇది మగవాళ్ళకే కష్టం" అన్నాడు గొప్పగా.

"అంత బరువు ఉండకూడదండీ. పిడి పైనుండే అడ్డుకమ్మికి నాలుగు వేళ్ళ అవతల వేలు పెట్టి నిలబెడితే తూగాలి."

"తూగడానికి ఇదేమన్నా త్రాసా అమ్మా" అని అతను నవ్వాడు. దుకాణంలో ఉన్న ఇంకో ఇద్దరూ నవ్వారు. పిట్ట చేతిసంచీ భుజానికి తగిలించుకుని బయటికొచ్చేసింది. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఆ నవ్వుకి చెప్పవలసిన జవాబులు ఒక్కొక్కటే తట్టాయి. సమయానికి ఒక్కటీ తట్టలేదు.

చివరికి మాస్టారే ఒక కమ్మరి చిరునామా ఇచ్చాడు. ఊరి చివర షెడ్డుల వరసలో, లారీల కమాను కట్టలు చేసేవాడి పక్కన అతని కొలిమి. నకలు కత్తులు చెయ్యడంలో మంచి చెయ్యి. అయితే ఎప్పుడడిగినా "వచ్చే వారం" అంటాడు. ఆ వచ్చే వారం వచ్చేసరికి చలికాలం పోయి ఎండలు మొదలయ్యాయి. క్లాసులో మిగతావాళ్ళందరూ ఉక్కు మీద ఉంటే ఈ ఇద్దరూ ఇంకా చెక్కే ఊపుతున్నారు.

ఎట్టకేలకి పిలిచాడు. ఇద్దరూ వెళ్ళారు. కమ్మరి పిట్టని నిలబెట్టి, చేతికి ఒక చెక్క బద్ద ఇచ్చి, చెయ్యి కిందికి వేలాడెయ్యమన్నాడు.

"మొన నేలకి తగలకూడదు. నీకు ఇంతవరకు చాలు తల్లీ," అని బద్ద మీద సుద్దతో గీత గీశాడు. వదినగారికి గీత దానికి జానెడు అవతల పడింది.

"అదెలా కుదురుతుంది?" అంది వదిన. "జత అంటే జత. నాది అంత పొడుగుండి, దానిది కూరగాయల కత్తిలా ఉంటే పక్కపక్కన ఏం బావుంటుంది? రెండూ ఒకే కొలత చెయ్యండి. నా కొలతకే."

"వదినా, నాకు పొడుగైపోతుంది."

"అలవాటవుతుందిలే. చెప్పులు కొన్నప్పుడూ ఇదే గొడవ చేశావు."

కమ్మరి ఇద్దరి వంకా చూసి సుద్దముక్క చెవి మీద పెట్టుకున్నాడు. "ఏదో ఒకటి తేల్చుకోండి, కొలిమి చల్లారిపోతోంది" అన్నాడు. తేల్చింది ఎవరో చెప్పక్కరలేదు.

ఆ కత్తులు నిజంగా మంచివి. ఆ మాట పిట్ట కూడా ఒప్పుకుంది. ఉక్కు వంచితే వంగి మళ్ళీ తిన్నగా అయ్యేది. కాని పిట్ట చేతిలో అది కత్తిలా లేదు, నిచ్చెనలా ఉంది. అడుగు వెనక్కేస్తే మొన నేలకి గీసుకునేది. తిప్పబోతే మోకాలికి తగిలేది. మణికట్టు వాచి, ఆస్పత్రిలో ఫోను ఎడమచేత్తో ఎత్తవలసి వచ్చింది. వదినగారు మాత్రం దూరం నుంచే చెయ్యి చాచి, కత్తితో టపటపమని పిట్ట భుజాల మీద తడుతూ, "కదలవే, కొయ్యబొమ్మలా నిలబడతావేం" అనేది.

ఒక ఆదివారం ఆ మాట విని పిట్ట కత్తి కింద పెట్టేసింది. విసరలేదు. మెల్లగానే పెట్టింది. "నాకు సరిపోదని ఆ రోజే చెప్పాను. మీరు వినలేదు. సింహాలప్పుడూ చెప్పాను. అదీ వినలేదు. నా చేతికి ఏది సరిపోతుందో నా చేతికి తెలుస్తుంది, మీకు కాదు" అంది.  హాల్లో అందరూ ఊపుతున్న కత్తులు దించి ఇటు చూశారు. వదినగారు తన కత్తి సంచీలో పెట్టుకుని బయటికి నడిచింది. ఆ రోజు ఇద్దరూ వేరువేరు బస్సుల్లో ఇంటికెళ్ళారు.

పిట్ట తన పొడుగు కత్తిని కమ్మరికే తిరిగి ఇచ్చేసి, బదులుగా అతని షెడ్డు మూలనున్న కత్తి ఒకటి తెచ్చుకుంది. ఎవరో చేయించుకుని తీసుకెళ్ళకుండా వదిలేసినది. పొట్టిది. పిడికి చుట్టిన తోలు ఒకచోట లేచిపోయింది. అడ్డుకమ్మి రవ్వంత వంకర. చూడ్డానికి ఏ ఠీవీ లేదు. చేతిలో పట్టుకుంటే మాత్రం బరువంతా పిడికిలి దగ్గరే ఉండి, మొన తలుచుకున్న చోటికి వెళ్ళింది. అయినా ఆమెకి సంతోషం కన్నా చిరాకే ముందు కలిగింది. ఈ పని మొదట్లోనే చేసి ఉంటే, ఇన్ని నెలలూ, ఇన్ని ఫోన్లూ, ఈ వాచిన చెయ్యీ ఉండేవే కావు కదా అనిపించింది.

వదినగారు కొన్ని వారాలు మాట్లాడలేదు. భర్త మధ్యలో రాయబారం మొదలుపెట్టబోతే పిట్టే వద్దంది. తరవాతొక ఆదివారం హాల్లోకి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే మొహానికి ఇనపజాలీ ముసుగు తొడుక్కుని, పొడుగు కత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం చూస్తావు, రా" అంది.

మొదట పిట్టకి దెబ్బల మీద దెబ్బలు తగిలాయి. పొట్టి కత్తితో దూరం నుంచి ఏమీ చెయ్యలేకపోయింది. కోపం ముంచుకొచ్చింది. తెచ్చుకున్న కత్తి తప్పా, తను తప్పా అని కూడా అనిపించింది. అప్పుడు మాస్టారు పక్క నుంచి, "దూరంగా ఉంటే ఆమె ఆట. లోపలికి వెళ్ళమ్మా" అన్నాడు. ఈసారి వదిన కత్తి లేచేలోపు పిట్ట దాని కిందుగా రెండంగల్లో దగ్గరికి దూరిపోయింది. అంత దగ్గర్లో ఆ పొడుగు కత్తి తిరగడానికి చోటు లేకపోయింది. పిట్ట కత్తి వదినగారి పక్కటెముకల మీద టప్పుమంది.

వదినగారు ముసుగు తీసింది. "అది తగల్లేదు. చొక్కాకి రాసుకుందంతే."

"చప్పుడైంది వదినా. అందరూ విన్నారు."

"చప్పుడు బొత్తాంది."

"మీ చొక్కాకి బొత్తాలే లేవు."

బ్యాడ్మింటన్ వాళ్ళు వలలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. మాస్టారు దీపాలు ఆర్పబోతూ ఇద్దర్నీ బయటికి నడవమన్నాడు. కత్తులు సంచుల్లో పెట్టుకుని, తగిలిందా లేదా అని వాదించుకుంటూనే వాళ్ళిద్దరూ ఒకే బస్సెక్కారు.