నేను పేర్లు పీకేసిన అయిదు కేబుళ్లు

బండ్లలో ఇంటర్నెట్ వచ్చేలా మొబైల్ రూటర్లు బిగించడం నా పని. ఆ రోజు మొయినాబాద్‌లో ఒక వైద్య వ్యానుకు బిగిస్తున్నాను. ఊరూరా తిరిగే వ్యాను అది. లోపల ఒక నర్సు ఉంటుంది, పట్నంలోని డాక్టర్ తెర మీదే రోగిని చూస్తాడు. మర్నాడు ముడిమ్యాలలో ఒక అవ్వ పాదం చూడాలి. షుగర్ పుండు. దవాఖానకు పోతే కాలు తీసేస్తారని ఆ అవ్వ ఊరు దాటనంటోంది. పోయినసారి వీడియో మధ్యలో ఆగిపోయి డాక్టర్‌కు పుండు సరిగా కనిపించలేదు.

"ఈసారి గూడ ఆగిపోతే అవ్వ మళ్ల వ్యాన్ ఎక్కదన్నా. గామె సంగతి నాకెరుకే" అని నర్సు పొద్దున్నే చెప్పింది.

వ్యాను పైన యాంటెన్నా ఒకటే. దాని కింది నుంచి అయిదు నల్ల కేబుళ్లు వస్తాయి. రెండు మొబైల్ సిగ్నల్‌కు, రెండు వైఫైకి, ఒకటి బండి ఎక్కడుందో చెప్పే జీపీఎస్‌కు. ఏది ఏదో చెప్పే కాగితపు చీటీలు అంటించి ఉంటాయి. సన్నటి పైపులోంచి లాగుతుంటే ఆ చీటీలు అడ్డం పడ్డాయి. నేనే పీకేశాను. వరుస గుర్తుంటుందిలే అనుకున్నాను, ఇన్నేళ్ల అనుభవం మరి! ఇంతలో డ్రైవర్ చాయ్ తెచ్చాడు. కేబుళ్లు వదిలి కప్పు అందుకున్నాను. తిరిగి చూస్తే అయిదూ పాముపిల్లల్లా పెనవేసుకుని ఉన్నాయి.

వైఫైవి తేలిగ్గానే దొరికాయి. వాటి కొసలో మధ్య సూది ఉండదు. సూది ఉన్నవి మూడు మిగిలాయి. వాటిలో జీపీఎస్‌ది ఏదో కంటితో చెప్పలేం. ఒప్పుకోవడానికి సిగ్గు, పరీక్షించడానికి బద్ధకం. ఊహించి రూటర్‌కు బిగించేశాను. డాక్టర్‌కు వీడియో కలిపితే బొమ్మ అద్దంలా వచ్చింది.

"అయిపోయింది సిస్టర్" అని సామాను సర్దుకున్నాను.

ఆమె సంతోషంగా తెర మీద మ్యాపు తెరిచింది. "అన్నా, మన బండి ఇందుల కనబడ్తలేదేంది?"

అప్పుడు తెలిసింది. జీపీఎస్ కేబుల్‌ను మొబైల్‌ది పెట్టాల్సిన చోట పెట్టాను. మొయినాబాద్‌లో టవర్ పక్కనే కాబట్టి మిగిలిన ఒక్క కేబుల్‌తోనే బొమ్మ వచ్చింది. ముడిమ్యాల చేల మధ్య అయితే ఆగిపోయేది. మ్యాపు సంగతి తర్వాత చూద్దామని చెప్పి జారుకుందామని కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

"చీటీలు నేనే పీకేసిన సిస్టర్. తప్పు పెట్టిన" అన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు వైర్లు పరీక్షించే మీటరు తీశాను. మూడూ విప్పి ఒక్కోదానికీ పెట్టి చూశాను. రెండు ఒకే అంకె చూపాయి, మూడోది వేరే. లోపల చిన్న సర్క్యూట్ ఉండేది జీపీఎస్‌కే, కాబట్టి అదే. మార్చి బిగించాక కాసేపటికి మ్యాపులో బండి కనబడింది.

నర్సు సంచిలోంచి ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తీసింది.

"చర్చి విందుల అందరి గిన్నెలు ఒక్కతీర్గనే ఉంటయన్నా. మా అమ్మ అడుగుకు గిట్ల చుక్క వెడ్తది. తోమినా పోదు."

నేను కేబుళ్లు పట్టుకున్నాను, ఆమె చుక్కలు పెట్టింది. మొబైల్‌కు ఒకటి, వైఫైకి రెండు, జీపీఎస్‌కు మూడు.

మర్నాడు ఎవరూ పిలవకపోయినా వెంట వెళ్లాను. ముడిమ్యాలలో సిగ్నల్ రెండు గీతలే. బొమ్మ మాత్రం ఆగలేదు. డాక్టర్ పాదాన్ని దగ్గరగా చూపించమన్నాడు, వేళ్లు కదిలించమన్నాడు. అవ్వ కదిలించింది.

"కాలు తీసే పని లేదవ్వా. మందులు వాడు, రోజూ కట్టు మార్పించుకో" అన్నాడు.

అవ్వ తన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. వైర్లు బిగించింది ఈ అన్ననే అని నర్సు నన్ను చూపించింది. అవ్వ నా తల నిమిరి, "నీ చేతులు సల్లగుండ బిడ్డా" అంది.

ముందురోజు ఆ చేతులతోనే సామాను సర్దుకుని అయిపోయిందన్నాను. తల ఎత్తలేకపోయాను.