యువరాజు డేగ, జగిత్యాల మనిషి

ఒమాన్‌లోని సలాలా ఎయిర్‌పోర్టులో నా పక్కనొకాయన, చేతి మీద కళ్ళకు ముసుగేసిన డేగతో కూర్చున్నాడు. జగిత్యాల మనిషినని చెప్పాడు. పక్క దేశపు యువరాజు విహారానికొస్తే వెంట వచ్చిన నౌకర్లలో ఒకడు.

ఆయన దగ్గర పాస్‌పోర్టు చూసి, "మీరూ హైదరాబాదుకేనా?" అనడిగాను.

"ఇది పిట్టది సార్. నాది మేనేజర్ దగ్గరుంటది. మొన్న మా బిడ్డ పెండ్లయింది. లీవ్ అడిగితే, నువ్వు పోతే దీనికి మేతెవరు పెడతరన్నడు."

దూరం నుంచి మేనేజర్ చిటికె వేశాడు. ఆయన లేచాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు కోపం రాదా?"

"వస్తది. చెయ్యి వణికితే పిట్ట బెదురుతది సార్."

మెల్లగా నడిచి వెళ్ళాడు. మేనేజర్ నా ముందు నుంచే దాటిపోయాడు. నేనొక్క మాట అనలేదు. అందుకు నా మీద నాకింకా కోపమే.