తట్టలో ఏముంది?

మా పెద్దమ్మ భర్త సెలెస్తీనో అమెరికాలో శాన్ ఆంటోనియో ఊరి పడమటి పేటలో బోర్డులు రాసేవాడు. మాంసం కొట్టుకి పంది, టైర్ల షాపుకి చక్రం, కటింగ్ షాపుకి మీసం. 1971లో మా బేకరీ గోడ నిండా, తల మీద తట్ట మోస్తున్న ఆడమనిషి బొమ్మ వేశాడు. ఆ మనిషి మా అమ్మ ఎలోదియా. తట్టలో ఉన్నవి మేం రోజూ అమ్మే బన్నులు, పైన గవ్వలా గీతలుండేవి.

"బావా, నన్ను ఇంత లావుగా వేశావేంటి?" అని అమ్మ పోట్లాడింది.

"గోడ పెద్దది మరదలా, ఏం చెయ్యను?"

ఇరవై మూడేళ్ల తర్వాత మ్యూజియం నుంచి మారిసెలా అనే అమ్మాయి వచ్చింది. గోడ ముందు నిలబడి చేతులు జోడించినంత పని చేసింది.

"మన మెక్సికో వాళ్ల మొక్కజొన్న దేవతని, తట్ట నిండా కంకులతో ఎంత ధైర్యంగా వేశారండీ! ఇది మన జాతి జెండా."

"ఏ దేవతమ్మా? మా మరదలు."

ఆ అమ్మాయి నవ్వేసి, ఆయనకి ఒక కాగితం ఇచ్చింది. ఆయన తన్ను తాను ఏమని చెప్పుకుంటాడో అందులో రాయాలట. మెక్సికనా, చికానోనా, లాటినోనా, అమెరికనా? ఇక్కడే పుట్టిన మెక్సికో సంతతి చికానోలట, స్పానిష్ మాట్లాడే దేశాల వాళ్లంతా లాటినోలట.

మూడు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాడు పెదనాన్న. "బళ్లో స్పానిష్ మాట్లాడానని చేతులు వాచేలా కొట్టారే. మెక్సికోలో, సాల్తీయోలో చుట్టాలింటికి వెళితే, నా స్పానిష్ విని 'దొరగారొచ్చారు' అని పడీపడీ నవ్వారు. ఇప్పుడేం రాయమంటావ్?" అని నన్నడిగాడు. పెద్దమ్మనీ అడిగాడు.

"బెర్తా, మనం ఎవరం?"

"నువ్వా? పొద్దుట్నించీ కాఫీ కప్పు కడగనివాడివి."

చివరికి 'పెయింటర్' అని రాసిచ్చాడు.

మ్యూజియం ప్రదర్శనలో మా గోడ ఫోటోని నిలువెత్తున పెట్టారు. ఒక కాలేజీ పిల్ల స్నేహితులకి తట్టలోని కంకుల గురించి చెబుతుంటే, పెదనాన్న ఇంకెవరి గురించో విన్నట్టు విన్నాడు. తర్వాత ఫోటోకి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాడు. గీతలు నిజంగానే గింజల వరసల్లా ఉన్నాయి.

"మా అమ్మ రోజూ మొక్కజొన్న రుబ్బేదే," అన్నాడు నాతో. "నాకు తెలీకుండా నా చెయ్యే కంకులు వేసిందంటావా?"

ఆ వేసవిలో, వెలిసిపోయిన రంగులు మళ్లీ వేస్తానని నిచ్చెన ఎక్కాడు. అమ్మ ముఖం, నల్లటి జడ, తట్టలో ఎడమ పక్క ఒక్క పూటలో అయ్యాయి. మిగతావి బన్నులో కంకులో తేల్చుకోలేక అక్కడ ఆగిపోయాడు. కుంచె ఎండిపోయింది. దారినపోయేవాళ్లని పిలిచి, "ఏం కనిపిస్తోంది? నిజం చెప్పండి," అని అడిగాడు. ఒకాయన రొట్టెలన్నాడు. ఒకావిడ ఎండిన పువ్వులంది. మా అమ్మ మాత్రం, "నా మెడనొప్పి కనిపిస్తోంది, దిగు బావా," అంది.

దిగాడు గానీ మళ్లీ ఎక్కలేదు. ఆ చలికాలంలోనే గుండె ఆగి పోయాడు. తట్ట కుడి పక్క ఇంకా వెలిసే ఉంది. వేస్తామని చాలామంది అడుగుతున్నారు. ఏం వేయమని చెప్పాలో మాకు తెలియడం లేదు.