తావ్ మాస్టారికి దొరికిన కథ

యాంగ్‌జౌలో కాలవ పక్కనున్న టీ కొట్టులో ఇరవై రెండేళ్లుగా వేడినీళ్లు పోస్తున్నాను. అన్నేళ్లూ మధ్యాహ్నం రెండింటికి తావ్ మాస్టారు వచ్చి, బల్లమీద చెక్కముక్కతో ఒక దెబ్బ కొట్టి కథ ఎత్తుకునేవారు. గురువు నేర్పిన దండయాత్ర కథ ఒక్కటే ఆయనకు వచ్చు. మూడు నెలలకు పూర్తవుతుంది. మర్నాడు మళ్లీ మొదలు.

ఆయనకు అరవై మూడు. మోకాళ్లు అరిగిపోయాయి, గొంతూ అరిగింది. వినేవాళ్లు పద్నాలుగు మంది మిగిలారు. వాళ్లలో సగం మంది కునుకు తీయడానికే వచ్చేవాళ్లు.

ఒకరోజు కొట్టు యజమానురాలు ఫాంగక్క తేల్చి చెప్పేసింది. "మాస్టారూ, మీ సేనాపతి ఆ నది దాటడం ఎనభైసార్లు విన్నాను. ఒకటో తారీఖుకి కొత్త కథ తెండి. లేకపోతే ఇక్కడ పేకాట బల్లలు వేయించుకుంటాను."

"కొత్త కథంటే, దేని గురించి?"

"అది నాకు తెలిస్తే నేనే చెప్పేదాన్ని కదా."

ఆ రోజు నుంచి కథయ్యాక కూడా ఆయన ఇంటికి వెళ్లకుండా కాగితం ముందేసుకుని కూర్చునేవారు. అందరూ తలా ఒక సలహా పడేసేవాళ్లు. దెయ్యాలన్నారొకరు, దొంగలన్నారొకరు. "మా కోడలి గురించి చెప్పండి, దెయ్యమూ దొంగా రెండూ కలిసొస్తాయి," అన్నాడు చేపలమ్మే ముసలాయన. మాస్టారు నవ్వలేదు. నాలుగు పంక్తులు రాయడం, కొట్టేయడం. "ఒంట్లో ఓపికుంటే ఏ కథైనా కథేనమ్మా. ఇప్పుడేది పట్టుకున్నా బరువుగానే ఉంది," అన్నారు నాతో.

ముందు బెంచీలో కూర్చునే లూ అన్న, జనం డబ్బిచ్చి స్నానం చేసే స్నానాల ఇంట్లో వీపులు రుద్దే మనిషి. ఒక వానరోజు అందరూ వెళ్లిపోయినా ఆయన కదల్లేదు.

"మాస్టారూ, నా దగ్గరొకటుంది. కథవుతుందో లేదో మీరే చూడండి," అని నెమ్మదిగా మొదలెట్టాడు.

కరువు ఏడాదిలో ఆయనకు ఎనిమిదేళ్లు, తమ్ముడికి మూడు. ఇంట్లో ఉన్న ఒక్క గిన్నెడు కాగే గంజి కోసం పెనుగులాడుకుంటుంటే అది తమ్ముడి వీపు మీద ఒలికింది. ఆ పుండు మానకముందే తల్లి పిల్లాణ్ణి తిండి దొరికే పడవవాళ్లకిచ్చేసింది. ఆ తర్వాత జాడ లేదు. తొమ్మిదేళ్ల కిందట స్నానాల ఇంట్లో ఒకాయన బోర్లా పడుకున్నాడు. వీపు మీద చిక్కుడాకంత మచ్చ.

"చెప్పావా?" అడిగారు మాస్టారు.

"నోరు రాలేదు. ఏమని చెప్పను? నిన్ను కాల్చిందీ నేనే, నీ వాటా గంజి పోగొట్టిందీ నేనే అనా? వారం వారం వస్తాడు. రుద్దుతాను, పోతాడు."

"ఎవరాయన?"

"రోజూ ఆ కిటికీ దగ్గర కూర్చుంటాడే, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన వెయ్. ఆయనే."

మాస్టారు కలం పక్కన పెట్టేశారు. "ఇన్నాళ్లు వెతికితే దొరికిన కథ ఇదొక్కటే లూ. కానీ చెప్పను. రోజూ నా ఎదురుగా కూర్చునే మనిషి బతుకు, ఆయనకే తెలియకుండా నలుగురికీ పంచలేను."

నెలాఖరున లూ అన్న మళ్లీ మాస్టారి దగ్గరికొచ్చాడు. "చెప్పండి మాస్టారూ. నా నోటితో నేను చెప్పలేనని తేలిపోయింది. పేర్లు మార్చండి, ఊరు మార్చండి. గంజి మాత్రం మార్చకండి."

ఒకటో తారీఖున మాస్టారు కుర్చీలోంచి లేవకుండానే కథ చెప్పారు. వీపులు రుద్దేవాణ్ణి మంగలిని చేశారు, మచ్చను మెడమీదికి మార్చారు. చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. ఎవరూ నిద్రపోలేదు. వెయ్ గారి చేతిలో గుమ్మడి గింజలు అలాగే ఉండిపోయాయి. లూ అన్న తలెత్తలేదు.

ఆ వారం స్నానాల ఇంట్లో వెయ్ గారు బోర్లా పడుకునే అడిగారట.

"నా వీపు మీద మచ్చ ఎంతుంటుంది?"

"చిక్కుడాకంత."

"గంజేనా?"

"ఊఁ."

"ఒలికించిందెవరు?"

"నేనే."

"నన్ను పెంచినావిడ వేడినీళ్లని చెప్పింది," అని ఆయన లేచి, సగం రుద్దిన ఒంటితోనే బట్టలేసుకుని వెళ్లిపోయారట.

మూడు వారాలు వెయ్ గారు కొట్టుకు రాలేదు. లూ అన్న రోజూ వచ్చి ఖాళీ కిటికీ వైపు వీపు పెట్టుకుని కూర్చునేవాడు. మాస్టారు నన్నడిగేవారు, "చెప్పకుండా ఉండాల్సిందేమోనమ్మా?" నాకేం తెలుసు. నీళ్లు పోసి వచ్చేసేదాన్ని.

నాలుగో వారం వెయ్ గారు వచ్చి తన చోటే కూర్చున్నారు. సన్నగా తరిగిన వేడివేడి సోయా పనీరు ఒక పళ్లెం తెమ్మని చెప్పి, "ముందు బెంచీకివ్వు," అన్నారు. నేనే తీసుకెళ్లి పెట్టాను. లూ అన్న చాలాసేపు చూసి, అది చల్లారిపోయాక తిన్నాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ అప్పుడప్పుడు మాట్లాడుకుంటారు, ఎక్కువగా మోకాళ్ల గురించే.

జనం పెరిగారు. తరవాయి చెప్పమని అడిగారు. "అదైపోయింది," అన్నారు మాస్టారు.

"అయితే ఇంకోటి చూడండి," అంది ఫాంగక్క.

"చూస్తాలే. మూడు రోజులు ఆగు తల్లీ," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. నేను గ్లాసులో నీళ్లు పోసి చూసేసరికి ఆయన నిద్రపోయారు.