అద్దాలాయన టెలిస్కోపు

కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీయడం ఆయన పని. వీధిలో అందరూ అద్దాలాయన అనేవారు. మనిషి దుకాణం మెట్టెక్కే తీరు చూసే పవరెంతో చెప్పేసేవాడు.

ఇంటికొచ్చాక మళ్లీ గాజే. సొంత చేతులతో టెలిస్కోపు చేయాలని ఆయన పిచ్చి.

"పొద్దంతా అరగదీసింది చాల్లేదా? ఇక నా బుర్రొక్కటే మిగిలింది" అని విసుక్కునేది భార్య.

పదకొండేళ్ల కూతురు మాత్రం ఆయన పక్కనుంచి కదిలేది కాదు. పళ్లెమంతేసి గాజుబిళ్లలు రెండు, మధ్యలో గరుకుపొడి, కాసిని నీళ్లు. తండ్రి వందసార్లు రుద్దితే కూతురు వందసార్లు.

"నాన్నా, దొంగలెక్క! డెబ్భై తర్వాత తొంభై రాదు!"

పద్నాలుగు నెలలు రుద్దారు. ఒక బిళ్లకి వెండిపూత వేయించి అద్దం చేసి, గొట్టంలో బిగించి, మేడ మీద నిలబెట్టారు. మొదటి సాయంత్రం చంద్రుణ్ణి చూసి ఆ పిల్ల గెంతిన గెంతుకి కిందింటివాళ్లు పైకొచ్చారు.

ఆ తర్వాత చుక్కలు. ఏది చూపించినా "భలే ఉంది నాన్నా" అనేది. చీకటి పడ్డాక మెట్లు దిగుతూ తడబడేది. "కళ్లు నెత్తికెక్కాయా?" అని ఆయన కసిరేవాడు.

ఒక సాయంత్రం కూతురు గొట్టానికి కన్ను ఆనించి, "ముత్యాలు చల్లినట్టున్నాయి నాన్నా" అంది. గొట్టం తిప్పబోతే ఆయన చేతికి మూత తగిలింది. తీయనేలేదు.

"ఏయ్ దొంగా!" అని నవ్వాడు. పిల్ల నవ్వలేదు.

"నాకు చంద్రుడొక్కడే కనిపిస్తాడు నాన్నా. చుక్కలు ఎప్పుడూ కనిపించలేదు. అంత కష్టపడ్డావు కదా, చెప్తే బాధపడతావని..."

కంటి వెనక పొర ఎండిపోతోందని, అద్దాలతో బాగయ్యేది కాదని డాక్టరు చెప్పింది. ఆ పూట ఆయన వంటగది గోడకి చేరగిలబడి, "మెట్ల మీద తిట్టాను దాన్ని" అన్నాడు. "ఎన్నిసార్లో తిట్టాను." భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తనూ తిట్టింది మరి.

మూడేళ్లలో చూపు పూర్తిగా పోయింది. మేడ మీద ఆ గొట్టం కనిపిస్తే ఆయన మొహం తిప్పుకునేవాడు. ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్లి బడికిచ్చేశాడు.

కొన్నాళ్లకి కూతురు మేడెక్కి, గోడ పొడవునా తడుముకుని, కిందికొచ్చింది.

"ఏది నాన్నా?"

"బడికిచ్చాను తల్లీ. ఇంక నీకెందుకులే అని..."

"నన్నడగొద్దూ? సగం రుద్దింది నేను!"

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి బడికి పరుగెత్తాడు. టెలిస్కోపు బీరువా వెనక ఉంది. దుమ్ము పట్టిందని ఆయా లోపలి అద్దాన్ని గిన్నెలు తోమే పొడితో శుభ్రంగా తోమిపెట్టిందట.

"ఏమీ అనుకోకండి, పాపం ఆవిడకి తెలీదు" అంది సైన్సు టీచరు.

పూత చాలాచోట్ల లేచిపోయింది. అద్దం నిండా గీతలు. తువ్వాలులో చుట్టుకుని ఇంటికొచ్చాడు.

కూతురు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "తెచ్చావా? బాగుందా?"

బాగుందని చెప్పేస్తే సరిపోయేదే. నోరు రాలేదు.

"పాడైంది తల్లీ. నావల్లే."

చూపు పోతోందని చెప్పినరోజు కూడా ఏడవని పిల్ల, గుమ్మంలోనే చతికిలబడి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. పక్కన కూర్చోడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. తువ్వాలు మూట చంకలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తల్లి వచ్చి పిల్లని లోపలికి తీసుకెళ్లింది.