మంచు లేదని చెప్పిన ఉదయం

గల్ఫ్ యుద్ధం వచ్చిన చలికాలానికి నేను సౌదీ ఉత్తర సరిహద్దులో, జోర్డాన్ వైపు పోయే రోడ్డు మీదున్న ఒక చిన్న ఊరి వాతావరణ కేంద్రంలో పనిచేస్తున్నాను. వాతావరణ కేంద్రం అనగానే రేపు వాన వస్తుందో రాదో చెప్పేవాడిననుకుంటారు. నేను చెప్పేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి. గంటగంటకీ బయటికి వెళ్ళి, తెల్ల చెక్క పెట్టెలోని థర్మామీటర్లు చూసి, గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎంత ఎత్తులో ఉందో రిజిస్టరులో రాసి, ఆ అంకెల్ని టెలిప్రింటరులో పెద్దాఫీసుకు పంపడం నా పని. రేపటి సంగతి చెప్పేవాళ్ళు వేరే ఊళ్ళో ఉండేవారు. వాళ్ళు చెప్పింది సాయంత్రానికి ఫ్యాక్సులో మాకు వచ్చేది.

మాది కోస్తా. వేసవిలో వడగాడ్పు, కార్తీకంలో తుఫాను, ఈ రెంటికే భయపడటం నేర్చుకున్నవాణ్ణి. ఆ ఊరు మాత్రం ఎత్తు మీద ఉంది. చలికాలంలో నీళ్ళ ట్యాంకు పైపులు గడ్డకట్టేవి. రెండు మూడేళ్ళకోసారి మంచు పడేది కూడా. పడిన రోజు ఊరంతా బయటికొచ్చి చూసేది, మధ్యాహ్నానికల్లా కరిగి బురదయ్యేది.

మా ఊళ్ళో భారతీయుల పిల్లలకు ఒక చిన్న బడి ఉండేది. అద్దెకు తీసుకున్న విల్లాలో నలభైమంది పిల్లలు. ఆస్పత్రిలో పనిచేసే ఒక గుంటూరు డాక్టరుగారి భార్య దానికి హెడ్మిస్ట్రెస్. సర్కారు బళ్ళకు సెలవంటే పైనుంచి ఉత్తర్వు వచ్చేది. ఈ బడి సంగతి పట్టించుకునేవాళ్ళు లేరు. అందుకని చలికాలం మొదలవగానే సాయంత్రాలు ఆవిడ నాకు ఫోన్ చేసేది. రేపు బడి పెట్టమంటారా అన్నయ్యగారూ అని అడిగేది. నేను ఫ్యాక్సు చూసి చదివేవాణ్ణి. నేను భవిష్యత్తు చెప్పేవాణ్ణి కాదని మొదట్లో ఒకటి రెండుసార్లు అన్నాను. తరవాత అనడం మానేశాను. నా మాట మీద నలభైమంది పిల్లలు లేచి తయారవడమో, దుప్పట్లో పడుకోవడమో జరుగుతుంటే లోపల్లోపల గర్వంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

బడికి ఒక వ్యాను ఉండేది. దాని డ్రైవరు జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు, నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న. ఒక సౌదీ ఇంట్లో కారు నడపడానికని వచ్చాడు. ఆ కఫీలు, అంటే అతన్ని రప్పించుకున్న యజమాని, పొద్దునపూట అతన్ని బడికి వాడుకోవడానికి ఒప్పుకున్నాడు. సన్నగా, ఎప్పుడూ మెడకు మఫ్లరు చుట్టుకుని ఉండేవాడు. పిల్లలు ఎక్కి కూర్చుని, తలుపు గొళ్ళెం తను స్వయంగా లాగి చూసుకుంటే గాని బండి కదిపేవాడు కాదు. చలికాలపు రోడ్డంటే అతనికి భయం. ఎడారిలో ఎంత దూరమైనా నడుపుతాను గాని చక్రం కింద ఏముందో కనపడకపోతే చేతులు ఆడవు సార్ అనేవాడు.

యుద్ధం రావడానికి ముందు వారాల్లో బడి మూసేశారు. నాకు ఫోన్లు మాత్రం ఎక్కువయ్యాయి. ఎవరూ చలి గురించి అడగలేదు. గాలి ఎటునుంచి వీస్తోంది అని అడిగేవారు. విషవాయువు వదులుతారని పుకారు. కిటికీలకు టేపు అంటించుకుని, తడిగుడ్డలు దగ్గర పెట్టుకుని కూర్చున్నవాళ్ళకు నేను గాలి దిక్కు చెప్పాలి. కానీ బయటివాళ్ళకు ఒక్క అంకె కూడా చెప్పొద్దని మాకు ఆదేశం. మా ఆవిడ అడిగినా చెప్పలేదు.

నా సెలవు కాగితం తిరగ్గొట్టారు. మా ఆవిడకూ, ఎనిమిదేళ్ళ మా అమ్మాయికీ మాత్రం వెళ్ళి మళ్ళీ రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర దొరికింది. జెద్దా నుంచి విమానం. వాళ్ళనూ, ఇంకొక కుటుంబాన్నీ ఆ వ్యానులో జెద్దా చేర్చింది ఆ డ్రైవరే. ఒక పగలంతా, మర్నాడు సగం పగలు ప్రయాణం. టికెట్లు ఖాయమయ్యేదాకా అక్కడి షరఫియా పేటలో ఒక టైలరు దుకాణం మీది గదిలో ఆడవాళ్ళనూ పిల్లలనూ ఉంచి, తను వ్యానులో పడుకున్నాడట. విమానం ఎగిరాక ఖాళీ బండితో, అందరూ దక్షిణానికి పారిపోతున్న రోడ్డు మీద ఒక్కడే ఉత్తరానికి తిరిగొచ్చాడు. జెద్దాలోనే ఎవరి దగ్గరైనా ఉండిపోవచ్చు కదా అన్నాను.

“పాస్‌పోర్టు కఫీల్ కాడున్నది సార్. ఏడికని పోవాలె?” అన్నాడు. అతని గొంతులో ఫిర్యాదు లేదు.

యుద్ధం ఆగింది. ఆ ఏడాది చివర్లో మా వాళ్ళు తిరిగొచ్చారు. బడి మళ్ళీ తెరిచారు, మా అమ్మాయీ వెళ్ళసాగింది. తిరిగొచ్చిన కుటుంబాలు తక్కువ, పిల్లలు ముప్పై మంది కూడా లేరు. కానీ జీవితం పాత దారిలో పడిందనే అనుకున్నాం.

మరుసటి చలికాలంలో జరిగింది అది. ఆ రోజుల్లో గురు, శుక్రవారాలు సెలవు, శనివారం బడి. శుక్రవారం మధ్యాహ్నం ఒక గంటసేపు చినుకులు పడ్డాయి. సాయంత్రానికి మబ్బు విడిపోయింది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మంచు కురవదు అని ఫ్యాక్సు చెప్పింది. హెడ్మిస్ట్రెస్‌కు అదే చదివి వినిపించి, బడి పెట్టమన్నాను.

శనివారం ఉదయం నాది డ్యూటీ. మసీదులో నమాజు ముగిసిన కాసేపటికి డ్రైవరు బడి నుంచి ఫోన్ చేశాడు.

“సార్, ఇయ్యాల మంచున్నదా?”

“లేదు. ఆకాశం శుభ్రంగా ఉంది,” అన్నాను.

“రోడ్డు మెరుస్తున్నట్టు కొడ్తున్నది సార్, లైటు పడితె.”

“నిన్నటి చినుకుల తడి అయ్యుంటుంది. మంచు లేదు, వెళ్ళు.”

సరే సార్ అని పెట్టేశాడు. ఫోను పక్కనే రిజిస్టరు తెరిచి ఉంది. పెట్టెలో గాలి ఉష్ణోగ్రత సున్నాకు ఒక డిగ్రీ పైన. నేలకు ఆనించి పెట్టే థర్మామీటరు సున్నాకు మూడు డిగ్రీల కింద. ఆ అంకెను పదినిమిషాల ముందు నేనే, నా చేత్తో, నీలం సిరాతో రాశాను. తడి రోడ్డు, నేల సున్నాకు కింద. ఆ రెండూ కలిపితే ఏమవుతుందో పదో తరగతి పిల్లవాడైనా చెప్తాడు. నేను కలపలేదు.

ఎందుకు కలపలేదని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. మనకు అన్నిటికీ ఒకటే మాట. గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి కురిసేదీ మంచే, నేల మీద గాజులా పేరుకునేదీ మంచే. అతను అడిగింది చక్రం కింద మంచు గురించి. నేను చెప్పింది ఆకాశం నుంచి పడే మంచు గురించి. ఇలా చెప్పుకుంటే కాసేపు ఊరటగా ఉంటుంది. కానీ రోడ్డు మెరుస్తోందని కూడా అతను చెప్పాడు. తప్పు భాష మీద నెట్టేసే ఆ దారి కూడా నాకు మిగల్లేదు.

ఊరికీ మా కాలనీకీ మధ్య ఒక వాగు, దాని మీద చిన్న వంతెన. వంతెన కింద నుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి రోడ్డుకన్నా ముందు అది గడ్డకడుతుంది. మొదటి ట్రిప్పులో తొమ్మిదిమంది పిల్లలతో వస్తూ వ్యాను దాని మీద జారి, డ్రైవరు వైపు నుంచి గోడకు కొట్టుకుంది. ఏడున్నరకు డాక్టరుగారు ఆస్పత్రి నుంచి ఫోన్ చేశారు. ముందు మీ అమ్మాయి బాగానే ఉంది అన్నారు. తరవాత మిగతాది చెప్పారు. ఒక అబ్బాయికి కాలు విరిగింది, మా అమ్మాయికి మణికట్టు. మిగిలినవాళ్ళకు గీతలు, దెబ్బలు. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు.

ఆస్పత్రిలో మా అమ్మాయి చేతికి కట్టు కట్టించుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఏడవడం అప్పటికే అయిపోయింది. నన్ను చూసి నెమ్మదిగా చెప్పింది.

“బ్రిడ్జి దగ్గర పెద్దక్లాసు అక్క భయమేస్తోంది అంది నాన్నా. అంకుల్ ఏమో, మంచు లేదమ్మా, సార్ చెప్పిండు అన్నాడు.”

తప్పుపట్టే వయసు కాదు దానిది. జరిగింది చెప్పింది, అంతే. నేను దాని తల మీద చెయ్యి వేసి, కిటికీ వైపు తిరిగాను. ఎండ వచ్చేసింది. అప్పటికి వంతెన మీద ఏమీ మిగిలి ఉండదు.

నిజంగానే మిగల్లేదు. ట్రాఫిక్ పోలీసులు కొలతలు తీసుకునేసరికి రోడ్డు పొడిగా ఉంది. పొడి రోడ్డు మీద బండి అలా జారిందంటే వేగమే కారణం అని రాసుకున్నారు. డ్రైవరు నిర్లక్ష్యం. అతను ఆ వంతెన మీద ఎప్పుడూ రెండో గేరు దాటలేదని బడిలో అందరికీ తెలుసు. నేల ఎంత చల్లగా ఉందో కాగితం మీద సాక్ష్యం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రిజిస్టరు తీసుకుని పోలీస్ స్టేషనుకు వెళ్తానని ఇంట్లో అన్నాను. మా ఆవిడ లేచి వీధి తలుపు వేసి వచ్చింది. తరవాత, నీ మాట మీద వెళ్ళాడని తెలిస్తే నిన్ను లోపల వేస్తారు, మా గతేమిటి అంది. ఆమె మాట విని ఆగానని చెప్పడం అబద్ధమవుతుంది. ఆపేవాళ్ళ కోసమే నేను ఇంటికొచ్చి ఆ మాట అన్నాను.

హెడ్మిస్ట్రెస్ నన్ను ఒక్క మాట అనలేదు. మంచు పడుతుందా అనే కదా మేము అడిగింది, పడలేదుగా, మీరేం చేస్తారు అంది. నేల థర్మామీటరు సంగతి ఆవిడకు తెలియదు. నేను చెప్పలేదు.

శవం ఇంటికి పంపడానికి కాగితాలన్నీ నేనే తిరిగి చేయించాను. కఫీలు సంతకం, పోలీసుల కాగితం, ఆస్పత్రి కాగితం, రాయబార కార్యాలయం కాగితం. ఒకటి వచ్చేసరికి ఇంకొకదాని గడువు తీరేది. అందరూ నన్ను మంచివాడన్నారు. అన్నాళ్ళూ అతను మార్చురీలో ఉన్నాడు. మెడ మీది మఫ్లరు ఎప్పుడూ తియ్యని మనిషి.

వాళ్ళ ఊళ్ళో టెలిఫోన్ బూతుకు అతని భార్యను పిలిపించి మాట్లాడవలసింది కూడా నేనే అయ్యాను. ఆమె ఏడవలేదు. మీరు చూసిన్రా సార్ అని అడిగింది. లేదన్నాను.

“జోరుగ నడిపిండా సార్? అట్ల నడిపెటోడు కాదు.”

“పోలీసులు అలా రాశారమ్మా,” అన్నాను.

“క్యాసెట్ల మాట్లాడి పంపెటోడు సార్. ఈడ మా సార్ ఒకాయన ఉన్నడు, ఏదైనా ముందే చెప్తడు, నాకేం భయం లేదని. మీరేనా?”

నేనేనన్నాను.

ఆ తరవాత నాకు అంకెల మీద నమ్మకం పోయింది. హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేస్తే చాలు, వద్దు, బడి పెట్టొద్దు అనేవాణ్ణి. ఫ్యాక్సు చూడకుండానే అనేవాణ్ణి. ఆ చలికాలం మిగిలిన రోజుల్లో సగం బడి మూతే. ఒక్కరోజు కూడా మంచు పడలేదు, రోడ్డు మీద తడి గడ్డకట్టలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి, తల్లిదండ్రులు విసుక్కున్నారు. చివరికి ఆవిడ ఫోన్ చేయడం మానేసింది. వంతెన వైపు కుటుంబాలు పిల్లల్ని పంపడమూ మానేశాయి. కొత్త డ్రైవరు దొరకలేదు. వేసవికి ఒక్కొక్కరే పిల్లల్ని ఇండియా పంపేశారు, మేమూ పంపేశాం, మా ఆవిడా అమ్మాయితో వెళ్ళింది. సెలవుల తరవాత బడి తెరవలేదు. ఆ విల్లాలో గ్యాసు సిలిండర్ల వ్యాపారి ఒకడు దిగాడు.

ఆ రిజిస్టరు నిండాక పాత రిజిస్టర్లతో పాటు అట్టపెట్టెలో కట్టి పెద్దాఫీసుకు పంపించాను. ఆ పేజీ చింపలేదు, ఎవరికీ చూపించలేదు. తరవాత ఏళ్ళ తరబడి అక్కడే ఒంటరిగా, గంటగంటకీ బయటికి వెళ్ళి అంకెలు రాసుకుంటూ ఉన్నాను.

ఒకసారి సెలవులో జగిత్యాల బస్సెక్కాను. చెప్పేయాలనే వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. అతను జోరుగా నడపలేదమ్మా, తప్పు నాది, ఇంతే చెప్పాలి. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆమె బీడీలు చుడుతూ అరుగు మీద కూర్చుని ఉంది. నా పేరు చెప్పగానే చాట పక్కన పెట్టి లేచి, కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. చాయ్ పెట్టింది. శవాన్ని ఇంటికి చేర్చినవారని ఇరుగుపొరుగును పిలిచి చూపించింది. ఒక ముసలాయన నాకు చేతులెత్తి మొక్కాడు. వాళ్ళందరి మధ్య నేను చాయ్ తాగాను.

అందరూ వెళ్ళాక ఆమె అసలు మాటకొచ్చింది.

“మా తమ్ముడు డ్రైవింగు నేర్చిండు సార్. మీ దిక్కు వీసా ఏమన్న ఉంటె చూడున్రి. మీరుంటరు గద, మాకు ధైర్నం.”

అప్పుడు చెప్పాల్సింది. అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? చెప్పకపోగా, చూస్తానమ్మా అన్నాను. బస్సుకు టైమైందని లేచాను. ఆమె వీధి చివరిదాకా వచ్చి, తమ్ముడి పాస్‌పోర్టు జిరాక్సు ఉన్న కవరు నా చేతిలో పెట్టింది.