గురుకులం మైదానంలో షక్కర్ క్లబ్

బోధన్ చుట్టుపక్కల బోరు మోటార్లు కాలినప్పుడల్లా రైతులు వెతుక్కుంటూ వచ్చే మనిషి శాంతి కుమార్. బస్టాండు వెనక సందులో అతని వైండింగ్ షాపు. పొద్దంతా కింద కూర్చుని రాగి తీగ చుట్టిన మనిషి సాయంత్రం లేవాలంటే బల్ల పట్టుకుని, ఒక మోకాలి తర్వాత ఇంకో మోకాలు నిదానంగా లేపుకోవాలి. యాభై దాటిన ఇతను ఫుట్‌బాల్ ఆడతాడని తెలిస్తే షాపుకొచ్చినవాళ్లు నవ్వేవారు. అతనూ నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఆట తండ్రి వీరస్వామి నుంచి వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో వీరస్వామి బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. డ్యూటీ దిగిన కార్మికులు కొందరు కలిసి పెట్టుకున్నదే షక్కర్ క్లబ్. దగ్గర్లో పెద్దవాళ్ల జట్టు మరొకటి లేదు. అందుకని బడి పిల్లలతో ఆడటం మొదలుపెట్టారు. ఏటా చలికాలంలో ఒక్కో శనివారం ఒక్కో బడికి కొత్త బంతితో పోయి, ఆట అయ్యాక ఆ బంతిని అక్కడే వదిలి వచ్చేవాళ్లు. తొమ్మిదో తరగతిలో శాంతి కుమార్ తన బడి తరఫున తండ్రికి ఎదురు ఆడాడు. ఆట మొత్తంలో తండ్రి అతన్ని ఒక్కసారి కూడా బంతి ముట్టనివ్వలేదు. ఆ రాత్రి తల్లి యేసమ్మ అన్నం వడ్డిస్తూ మొగుణ్ణి బాగా తిట్టింది.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. కార్మికులు తలో దిక్కూ పోయారు. క్లబ్బు కొడుకుల చేతికొచ్చి కుంటుతూ నడిచింది. బడుల మైదానాల్లో కొత్త గదులు లేచాయి. జాగా మిగిలిన చోట క్రికెట్ వచ్చింది. హెడ్మాస్టర్లను అడగడం, ఆటగాళ్లను ఫోన్లలో బతిమాలడం శాంతి కుమార్ వంతయింది. ప్రతిసారీ ఇక చాలనిపించేది. వానలు వెనకబట్టగానే మళ్లీ ఫోను తీసేవాడు.

ఒక ఏడాది సరేనన్న బడి ఒక్కటే. రుద్రూర్ అవతల ఉన్న ఆడపిల్లల గురుకులం. ఆ సంగతి మొదట రవీందర్‌కు చెప్పాడు. రవీందర్ ఆర్టీసీ డ్రైవరు, శాంతి కుమార్ ఈడువాడే, కుర్రతనం నుంచీ క్లబ్బు గోల్‌కీపర్.

"ఆడపిల్లలతోని ఏం ఆడుతం కుమార్? గెలిస్తె ఇజ్జత్ లేదు, ఓడితె అసలే లేదు."

"మనం గెలువక ఎన్నేండ్లాయె. నువ్వు వస్తవా, రావా?"

"వస్త. గని గిదే ఆఖరు. నడుము పనిచేస్తలేదు. స్టీరింగ్ ముంగట కూసునుడే కష్టమైతుంది."

"నాకు గూడ గట్లనే ఉంది," అన్నాడు శాంతి కుమార్.

శనివారం పొద్దున అతను మోకాలికి పట్టీ చుట్టుకుంటుంటే భార్య దీవెన ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. చెప్పులైనా విడవకుండా చూస్తూ నిలబడింది.

"గింత పాణం మీదికి తెచ్చుకొని ఎవల కోసం ఆడుతున్నవయ్యా?"

అతను పట్టీ ముడి బిగించాడు. ఆమె నొప్పుల మందు ట్యూబొకటి అతని సంచిలో పడేసి లోపలికెళ్లి పడుకుంది.

ఎంతమందిని పిలిచినా వచ్చింది ఏడుగురే. గురుకులం గేటు దగ్గర పీఈటీ మేడం స్నేహలత ఎదురుచూస్తోంది. సున్నంతో గీతలన్నీ కొత్తగా గీయించింది. పిల్లలు అప్పటికే వరుసగా నిలబడి ఉన్నారు.

"మిగతావాళ్లు వెనక వస్తున్నరా సార్?"

"లేదమ్మా. గింతే మందిమి."

ఆమె ముఖం చిన్నబోయింది. కానీ అంతలోనే తేరుకుని తన పిల్లల్లో నలుగురిని వీళ్ల వైపు పంపింది. పదో తరగతి అంకిత వచ్చి డిఫెన్స్‌లో శాంతి కుమార్ పక్కన నిలబడింది.

మొదట్లో ఆట సాగనే లేదు. ఎదుటి జట్టు పిల్లలు అతను దగ్గరికొస్తే పక్కకు తప్పుకుంటున్నారు. ఒకమ్మాయి కాలు అతని కాలికి తగిలింది. ఆ పిల్ల బంతిని వదిలేసి, వంగి అతని కాలిని తాకి కళ్లకద్దుకుంది.

"మొక్కుడు తర్వాత బిడ్డా. ముందు బాల్ సూడు," అన్నాడతను.

పిల్లలందరూ పకపకా నవ్వారు. ఆ తర్వాత ఇక మొక్కినవాళ్లు లేరు. భుజాలతో నెట్టుకుంటూ, అరుచుకుంటూ మీదికొచ్చారు. అతను ఒకరి వెంట తిరిగేలోపు ఇంకొకరు దాటిపోతున్నారు. సగం ఆట అయ్యాక రవీందర్ బంతికోసం పక్కకు దూకాడు. బంతిని ఆపాడు గానీ లేవలేకపోయాడు. నడుము పట్టేసింది. నలుగురూ పట్టుకుని వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు.

"అంకుల్, మీరు గోల్‌ల నిలవడుండ్రి. ఇక్కడ నేను సూస్కుంట," అంది అంకిత.

ఒకప్పుడైతే ఆ మాట గుచ్చుకునేదే. ఇప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అతను వెళ్లి రెండు కర్రల మధ్య నిలబడి ఊపిరి తీసుకున్నాడు. క్లబ్బు అయిదు గోల్స్ తిని రెండు కొట్టింది. ఆ రెండూ కొట్టింది గురుకులం పిల్లలే.

బంతి ఇచ్చి బయల్దేరబోతుంటే స్నేహలత అంది: "వచ్చే ఏడు గూడ రావాలె సార్."

"మనుషులు లేరమ్మా. సూసిండ్రు గద."

"మా పిల్లలకు బయటోళ్లతోని ఆడే మోక దొరకదు. చుట్టుపక్కల మగపిల్లల టీంలను అడిగిన. ఆడపిల్లలతోనా అని ఒక్కరు రాలేదు. మీరే వచ్చిండ్రు."

శాంతి కుమార్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "వేరే బడి ఒప్పుకోలేదమ్మా. అందుకే వచ్చినం," అన్నాడు.

"ఎందుకొచ్చిండ్రో పిల్లలకేం తెలుసు సార్," అని ఆమె నవ్వింది.

తిరుగు దారిలో రవీందర్ వ్యాను వెనక సీట్లో పడుకుని కళ్లు మూసుకునే అన్నాడు: "ఇగ బంద్ పెడుదం."

"ఊఁ," అన్నాడు శాంతి కుమార్.

మరుసటి ఏడు వానలు వెనకబట్టినా అతను ఎవరికీ ఫోన్ చేయలేదు. నిజంగానే హాయిగా అనిపించింది. దీపావళి దాటాక స్నేహలతే ఫోన్ చేసింది. క్లబ్బులో ఇప్పుడు కాళ్లాడేవాళ్లు ముగ్గురే మిగిలారని అతను ఉన్నమాట చెప్పాడు.

"ముగ్గురే రండ్రి సార్. ఎనిమిది మంది పిల్లల్ని నేనిస్త."

ఆ శనివారం షక్కర్ క్లబ్ తరఫున ముగ్గురు మగవాళ్లు, ఎనిమిది మంది ఆడపిల్లలు ఆడారు. నడుముకు బెల్టు కట్టుకుని రవీందర్ కూడా వచ్చాడు. గోల్‌పోస్ట్ పక్కన కుర్చీ వేయించుకుని, కీపర్‌గా నిలబడ్డ పిల్లకు ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు ఆగాలో గొంతు పోయేదాకా చెప్పాడు. ఎన్నో ఏళ్ల తర్వాత క్లబ్బు గెలిచింది.

ఇంటికొచ్చిన శాంతి కుమార్ స్నానం కూడా చేయకుండా మంచం మీద వాలిపోయాడు. దీవెన కింద కూర్చుని అతని బూట్ల లేసులు విప్పసాగింది.

"ఎవరు గెలిచిండ్రు?"

"మనమే."

"అయితె ఇంక సాలా?"

"సాలనే అనిపిస్తది," అన్నాడతను కళ్లు తెరవకుండా. "ఆ మేడం ఏమో వచ్చేసారి రెండు మ్యాచులంటుంది. జర మెల్లగ గుంజు, ఆ కాలు నొస్తుంది."